నడక, పద్యం, శ్వాస: జ్ఞాపకశక్తి కోసం నేను చేసిన సాధన

పదవీ విరమణ తరువాత తొలి సంవత్సరంలోనే నాకు మతిమరుపు పెరుగుతోందన్న అనుమానం కలిగింది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించిన కాలంలో కొత్త తరగతి పిల్లల పేర్లన్నీ వారం తిరిగేసరికి నాకు నోటికి వచ్చేవి. అలాంటిది, మా అపార్ట్‌మెంటులో ఏళ్ల తరబడి పలకరించుకుంటున్న ఎదురింటి ఇల్లాలి పేరు, లిఫ్టులో ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే స్ఫురించకపోవడం, మందుల దుకాణానికి వెళ్లి అడగవలసిన రెండింటిలో ఒకటే అడిగి తిరిగి రావడం, వ్యాసం చదువుతూ ఉంటే పై పేరా సారాంశం కింది పేరాకు వచ్చేసరికి జారిపోవడం తరచుగా జరగసాగాయి. అరవై దాటినవారికి ఇవన్నీ సహజమేనని ఇంట్లోవారు ధైర్యం చెప్పారు. కానీ మా అమ్మ డిమెన్షియాతో వెళ్లిపోయింది. చివరి సంవత్సరాల్లో ఆమె నన్ను తన చెల్లెలనుకొని చిన్ననాటి ఊరి కబుర్లు చెప్పేది. నేను నీ కూతురినమ్మా అంటే మర్యాదగా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూసిన నాకు ‘సహజమే’ అన్న మాట సరిపోలేదు. న్యూరాలజిస్టును కలిశాను.

అక్కడి నుంచి ఏడాదికి పైగా సాగిన పరీక్షలు, నడక, పద్యధారణ, ధ్యానం గురించి, వాటిలో ఏది నాకు ఏమి చేసిందో, ఏది ఏమి చేయలేదో వీలైనంత కచ్చితంగా రాయాలని కూర్చున్నాను. మతిమరుపు భయం ఉన్నవారి చుట్టూ మాత్రలు, యాప్‌లు, ‘బ్రెయిన్ పవర్’ శిక్షణలు ఎన్నో తిరుగుతుంటాయి. వ్యాయామం, మానసిక సాధన, ధ్యానం అనే మూడింటినీ ఒకే గాటన కట్టి, అన్నీ మెదడుకు మంచివే అని చెప్పడం కూడా పరిపాటి అయింది. నా అనుభవంలో ఈ మూడూ చేసే పనులు వేరు, వాటి వెనుక ఉన్న రుజువుల బలం కూడా వేరు. ఆ తేడా తెలిసి మొదలుపెట్టినవారికి నిరాశ తక్కువగా ఉంటుందని నా నమ్మకం.

డాక్టరుగారు మొదట మోకా అని పిలిచే మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్ చేయించారు. 2005లో కెనడాకు చెందిన డాక్టర్ జియాద్ నస్రెద్దీన్ బృందం ప్రచురించిన ఈ పరీక్ష మొత్తం 30 మార్కులకు ఉంటుంది. 26, ఆపైన వస్తే సాధారణంగా పరవాలేదని భావిస్తారు. గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించడం, ఘనాకారాన్ని చూసి గీయడం, 100 నుంచి ఏడేసి చొప్పున తగ్గిస్తూ పోవడం, అక్షరాల వరుస చదువుతూ ఉంటే ఒక అక్షరం వినబడినప్పుడల్లా బల్ల మీద తట్టడం, ఒక నిమిషంలో ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు వీలైనన్ని చెప్పడం వంటివి ఇందులో ఉంటాయి. అసలు కీలకమైన భాగం మరొకటి. మొదట్లో ఐదు మాటలు చదివి మన చేత పలికించి, మధ్యలో వేరే పనులు చేయించి, ఐదు నిమిషాల తరువాత ఆ మాటలు చెప్పమంటారు. తీసివేతలు నాకు వెంట్రుకవాసి కష్టం కూడా కాలేదు. ఐదు మాటల్లో మాత్రం రెండే చెప్పగలిగాను. అక్షరం తట్టే అంశంలోనూ, మాటలు చెప్పే అంశంలోనూ మార్కులు పోయి 25 దగ్గర ఆగాను.

అప్పుడు డాక్టరుగారు చేసిన చిన్న పని నా తరువాతి సాధనకంతటికీ దారి చూపింది. మిగిలిన మూడు మాటలకు ఒక్కొక్క సూచన ఇచ్చారు: అది శరీరంలో ఒక భాగం, అది ఒక రంగు, ఇలా. సూచన వినగానే మూడూ చెప్పేశాను. “అమ్మా, సూచన ఇస్తే వచ్చాయంటే ఆ మాటలు లోపలికి చేరాయన్నమాట. వాటిని గట్టిగా నాటుకోవడంలో, అవసరమైనప్పుడు బయటికి తీసుకోవడంలో ఇబ్బంది ఉంది. అల్జీమర్స్‌లో సాధారణంగా సూచన ఇచ్చినా పెద్దగా ఫలితం ఉండదు. ఒక్క పరీక్షతో ఏదీ తేల్చను గానీ, ముందు సరిచేయదగినవి ఏమున్నాయో చూద్దాం” అన్నారు. రక్తపరీక్షల్లో థైరాయిడ్ సరిగానే ఉంది, విటమిన్ బి12 బాగా తక్కువగా ఉంది. శాకాహారుల్లో ఈ లోపం సర్వసాధారణమనీ, అది మతిమరుపుకు, నీరసానికి కారణం కాగలదనీ చెప్పి ఇంజెక్షన్లు రాశారు. బీపీ కూడా ఎక్కువగా ఉండడంతో దానికి మాత్ర మొదలుపెట్టారు. ఎం.ఆర్.ఐ.లో వయసుకు మించిన మార్పులేమీ లేవు. జ్ఞాపకశక్తికి ఏదైనా టానిక్ రాయమని అడిగితే, దాని బదులు వారంలో ఐదు రోజులు చెమట పట్టేలా నడవమనీ, మనసుకు నిజంగా కష్టమనిపించే కొత్త విద్య ఒకటి మొదలుపెట్టమనీ, నిద్రను తేలికగా తీసుకోవద్దనీ చెప్పారు.

అమ్మకు వచ్చింది కాబట్టి నాకూ రాక తప్పదేమోనన్న ప్రశ్న కూడా అడిగాను. వంశపారంపర్యం పాత్ర ఉంటుందనీ, అయితే అదొక్కటే తలరాత కాదనీ చెబుతూ, ఆయన లాన్సెట్ వైద్యపత్రిక కమిషన్ 2024లో వెలువరించిన నివేదికను ప్రస్తావించారు. చదువు లేకపోవడం, వినికిడి లోపం, అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, శారీరక శ్రమ లేకపోవడం, ఒంటరితనం, కుంగుబాటు, చూపు మందగించడం వంటి 14 కారణాలను జీవితపు వేర్వేరు దశల్లో నివారించగలిగితే, ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని ఆ నివేదిక అంచనా. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్కే తప్ప ఒక మనిషికి ఇచ్చే హామీ కాదని గణితం చెప్పిన నాకు వెంటనే అర్థమైంది. అయినా చేతిలో ఏమీ లేదనుకున్న చోట కొంత ఉందని తెలియడం చిన్న విషయం కాదు.

నడక మా హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య పార్కులో మొదలుపెట్టాను. అక్కడికి తెల్లవారుజామున వచ్చేవారిలో సగం మంది కబుర్లకోసం నడుస్తారు, సగం మంది నడవడానికే నడుస్తారు. మొదట్లో నేను మొదటి జట్టులో ఉండేదాన్ని. డాక్టరుగారు చెప్పిన వేగం వేరు: మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంతగా ఊపిరి వేగంగా ఆడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం ఉండాలని ఉంది. మోకాళ్లు సహకరించడానికి కొన్ని వారాలు పట్టింది. రెండు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు మామూలుగా నడుస్తూ, క్రమంగా వేగంగా నడిచే భాగాన్ని పెంచుకున్నాను. వర్షాకాలంలో పార్కు బురదగా ఉన్నప్పుడు మా భవనం మెట్లు ఎక్కి దిగేదాన్ని. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం కండరాల వ్యాయామాలుగా చేర్చుకున్నాను.

నడకకూ జ్ఞాపకానికీ ఏమి సంబంధమో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. మెదడులో కణతల లోపలి భాగాన, రెండు వైపులా హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. కొత్త అనుభవాన్ని జ్ఞాపకంగా మలిచే పనిలో అది కీలకమని వైద్యులకు స్పష్టంగా తెలిసింది అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్ అనే రోగి వల్ల. మూర్ఛవ్యాధి తగ్గించడానికి 1953లో అతనికి రెండు వైపులా ఆ భాగాన్ని చాలావరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి గాని, ఆ తరువాత 2008లో మరణించేవరకు అతడు కలిసిన మనుషులెవరూ, జరిగిన సంఘటనలేవీ దాదాపుగా అతని మనసులో నిలవలేదు. పాత జ్ఞాపకాలు, తెలివితేటలు మాత్రం చాలావరకు చెక్కుచెదరలేదు. అతని కథ చదువుతూ ఉంటే మా అమ్మ తన పదేళ్ల వయసు నాటి సంగతులు పూసగుచ్చినట్టు చెబుతూ, ఉదయం తిన్న ఉప్మాను మరిచిపోవడం ఎలా సాధ్యమయ్యేదో మొదటిసారి నాకు బోధపడింది.

వయసు పైబడ్డాక ఈ హిప్పోక్యాంపస్ ఏటా ఒకటి రెండు శాతం కుదించుకుపోతుంది. 2011లో అమెరికాలో కిర్క్ ఎరిక్సన్ బృందం 120 మంది పెద్దవారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత వారానికి మూడు రోజులు నలభై నిమిషాల వరకు వేగంగా నడిపించి, రెండో జట్టు చేత కండరాలు సాగదీసే తేలికపాటి వ్యాయామాలు చేయించింది. ఏడాది తరువాత చూస్తే నడిచినవారిలో హిప్పోక్యాంపస్ ముందుభాగం సుమారు 2 శాతం పెరిగింది, రెండో జట్టులో 1.4 శాతం తగ్గింది. శ్రమ చేసినప్పుడు మెదడులో పెరిగే బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీను నాడీకణాల మనుగడకు, కొత్త అనుసంధానాలకు తోడ్పడుతుందనీ, రక్తనాళాల ఆరోగ్యం మెరుగుపడడం మరో కారణమనీ వివరిస్తారు. అయితే జ్ఞాపక పరీక్షలో రెండు జట్లూ మెరుగయ్యాయి. నడిచినవారు మిగిలినవారిని స్పష్టంగా దాటిపోలేదు. ఈ చివరి వాక్యాన్ని చాలామంది చెప్పరు. నేను చెప్పదలచుకున్నాను, ఎందుకంటే నా విషయంలోనూ నడక వల్ల మొదట మారింది జ్ఞాపకశక్తి కాదు.

మొదట మారింది నిద్ర. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి తెల్లవార్లూ దొర్లే అలవాటు మూడో నెలకు చాలావరకు పోయింది. గాఢనిద్రలో ఆ రోజు నేర్చుకున్నదాన్ని మెదడు మళ్లీ నెమరువేసుకుని స్థిరపరుస్తుందన్నది నిద్రపై పరిశోధించేవారు గట్టిగా చెప్పే విషయం. రెండోది బీపీ. మాత్రతోపాటు నడక కూడా తోడై అది అదుపులోకి వచ్చింది. 2019లో ప్రచురితమైన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో పై రక్తపోటును 120 కంటే తక్కువకు తీసుకురావాలని గట్టిగా చికిత్స చేసిన జట్టులో, 140ని లక్ష్యంగా పెట్టుకున్న జట్టుతో పోలిస్తే, డిమెన్షియాకు ముందుమెట్టు అయిన తేలికపాటి మతి క్షీణత ముప్పు 19 శాతం తగ్గింది. నడక మెదడును కాపాడే దారి చాలావరకు గుండె మీదుగా, రక్తనాళాల మీదుగా, నిద్ర మీదుగా వెళుతుందని ఈ ఏడాదిలో నాకు కలిగిన అభిప్రాయం. అందుకే నడక, పద్యం, ధ్యానం ఈ మూడింటిలో వదలకూడనిది ఏదంటే నడకే అంటాను.

కొత్త విద్య విషయంలో కొంత ఆలోచించాను. ఫోనులో మెదడుకు మేత వేసే ఆటలు మా అబ్బాయి పెట్టి ఇచ్చాడు. వాటిలో స్కోరు పెరుగుతూ పోయింది, పేర్లు గుర్తురావడం మాత్రం పెరగలేదు. దీనికి కారణం తరువాత అర్థమైంది. అమెరికాలో 65 ఏళ్లు దాటిన 2,832 మందితో జరిగిన యాక్టివ్ అనే పెద్ద అధ్యయనం తొలి ఫలితాలు 2002లో వచ్చాయి. ఒక జట్టుకు జ్ఞాపక శిక్షణ, ఒకదానికి తర్క శిక్షణ, ఒకదానికి చురుగ్గా గ్రహించే శిక్షణ ఇచ్చి చూస్తే, ఎవరు దేనిలో సాధన చేశారో దానిలోనే మెరుగయ్యారు. ఒకదాని ఫలం మరొకదానికి పెద్దగా పాకలేదు. పదేళ్ల తరువాత చూసినప్పుడు తర్కం, వేగం విషయంలో శిక్షణ ప్రభావం మిగిలింది గాని, జ్ఞాపక శిక్షణ ప్రభావం మిగలలేదు. కాబట్టి ఏ సాధన చేసినా, దానికదే చేయదగినదై ఉండాలి, ఏళ్ల తరబడి వదలబుద్ధి కానిదై ఉండాలి అని నిశ్చయించుకున్నాను.

అప్పుడే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక అష్టావధానానికి వెళ్లాను. తెలుగువారికి ఈ ప్రక్రియ కొత్త కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి శతావధానాలు చేసి దీన్ని జనంలోకి తెచ్చి నూరేళ్లు దాటింది. అయినా మతిమరుపు భయంతో వెళ్లి చూసినప్పుడు ఆ సభ నాకు మరోలా కనబడింది. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన అంటూ వేర్వేరు పరీక్షలు పెట్టే ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. అవధాని పద్యం అడిగినవారికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకుంటూ ఆవృత్తులు, అంటే చుట్లు, పూర్తిచేస్తారు. మధ్యమధ్య అప్రస్తుత ప్రసంగి ఏవేవో అడిగి దృష్టి మళ్లిస్తుంటే, మరొకరు మోగించే గంటలను మనసులోనే లెక్కపెట్టుకుంటారు. చివరికి ధారణ సమయంలో పద్యాలన్నిటినీ వరుసగా అప్పజెబుతారు. డాక్టరు గదిలో ఐదు మాటలకు తడబడిన నేను ఆ ధారణ వింటూ కదలలేకపోయాను. అవధానిని కావాలన్న ఆశ ఈ వయసులో నాకు లేదు. కానీ పద్యాన్ని పట్టుకునే ఆ పద్ధతి నేర్చుకోవాలనిపించింది.

పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పండితులు ఆదివారాలు ఉచితంగా పద్యాలు నేర్పుతున్నారని తెలిసి చేరాను. మాస్టారు మొదటి రోజే, “అమ్మా, పద్యాన్ని బట్టీ పట్టకు, దాని కట్టుబాటు పట్టుకో, మాటలు వాటంతట అవే వస్తాయి” అన్నారు. గణితం చదివిన నాకు ఈ మాట వెంటనే తలకెక్కింది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరవలసిన చోటు. చంపకమాలకు 21, పదకొండో అక్షరం యతి. శార్దూలానికి 19, పదమూడో అక్షరం యతి. మత్తేభానికి 20, పద్నాలుగో అక్షరం యతి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాసగా ఒకటే హల్లు. మూడో పాదం మొదట్లో మాట జారిపోయిందనుకోండి. రెండో అక్షరం ఏదో తెలుసు, మొదటి రెండు అక్షరాల గురులఘువులు తెలుసు, పాదం మధ్యలో యతి ఏ అక్షరంతో కుదరాలో తెలుసు. ఇన్ని షరతులను తీర్చే మాటలు భాషలో కొద్దిగానే ఉంటాయి; వాటిలో అర్థం కుదిరేది సాధారణంగా ఒక్కటే. ఇది నాకు సమీకరణాన్ని సాధించడంలా తోచింది. డాక్టరుగారు నాకు బయటినుంచి ఇచ్చిన సూచన పనిని పద్యంలో యతిప్రాసలు లోపలినుంచి చేస్తున్నాయి.

నేర్చుకునే తీరు కూడా మాస్టారే దిద్దారు. పుస్తకం చూస్తూ పదిసార్లు చదవడం కంటే, రెండుసార్లు చదివి పుస్తకం మూసి, తప్పుతూ తడుముకుంటూ అయినా సొంతంగా చెప్పమనేవారు. 2006లో రోడిగర్, కార్పికె అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులతో చేసిన ప్రయోగంలోనూ ఇదే తేలింది: మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత బాగా చెప్పారు, వారం తరువాత మాత్రం గుర్తుతెచ్చుకునే అభ్యాసం చేసినవారిదే పైచేయి అయింది. కొత్త పద్యాన్ని ఆ సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి, ఆపై నాలుగు రోజులకు, పది రోజులకు, నెలకు ఒకసారి అప్పజెప్పుకోవాలన్నది మరో నియమం. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే, అర్థంలేని అక్షరాలను తానే కంఠస్థం చేసి, మరుపు మొదటి గంటల్లోనే అతి వేగంగా జరుగుతుందనీ, ఆ తరువాత నెమ్మదిస్తుందనీ కొలిచి చూపాడు. మన వేదపాఠశాలల్లో, వీధిబడుల్లో వల్లెవేయించినవారు ఇదే సంగతిని కొలతలు లేకుండానే ఆచరించారు. నేను పార్కులో నెమ్మదిగా నడిచే నిమిషాలను ఈ అప్పజెప్పుకోవడానికి కేటాయించాను.

కొన్ని నెలలకు పద్యాలు బాగా నిలవసాగాయి. సరుకుల జాబితా మాత్రం దానంతట అది నిలవలేదు. పద్యం వస్తే పేర్లు కూడా వస్తాయన్న ఆశ అప్పటికే నాకు లేదు కాబట్టి నిరాశపడకుండా, ఆ పద్ధతినే పేర్లకు విడిగా అన్వయించాను. కొత్తవారు పరిచయమైతే వారి పేరును మాటల మధ్య ఒకసారి పలకడం, విడిపోయి మెట్లు దిగుతూ ఒకసారి గుర్తుచేసుకోవడం, రాత్రి నిద్రకు ముందు ఆ రోజు కలిసినవారి పేర్లను వరసగా చెప్పుకోవడం. ఇది పనిచేసింది. మాస్టారి తరగతికి వచ్చేవారందరి పేర్లు, వారి పిల్లల పేర్లతో సహా ఇప్పుడు నాకు తెలుసు.

ఇక్కడ హైదరాబాదుకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. మన నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు, అంతకుమించిన భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురాని వారిలోనూ ఈ తేడా కనబడింది. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ, పనిచోట మరో భాష మాట్లాడుతూ బతికే ఈ నగరంలో తప్ప అంత తేటగా ఆ తేడా తేలేది కాదేమో. దీన్ని చదివాక పాతబస్తీ దుకాణాల పేరుపలకలు చదివే పాటి ఉర్దూ లిపి కూడా నేర్చుకోవడం మొదలుపెట్టాను. అది ఇంకా అక్షరాల దశలోనే ఉంది.

ధ్యానం వైపు నేను ఆలస్యంగా వచ్చాను. నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త ధ్యానకేంద్రంలో, ధ్యానగురువు ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో సాగే పది రోజుల విపశ్యన శిబిరానికి మా తరగతిలోని ఒకావిడ తోడు రాగా వెళ్లాను. చేరగానే ఫోను, పుస్తకాలు, కలం అన్నీ అప్పగించాలి. పదో రోజు వరకు తోటివారితో మాట ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. రోజులో పది గంటలకు పైగా కూర్చోవడమే. మొదటి మూడు రోజులు చేసేది ఒక్కటే: ముక్కుపుటాల దగ్గర వచ్చిపోయే శ్వాసను ఉన్నదున్నట్టు గమనించడం, మనసు ఎటైనా వెళితే విసుగు లేకుండా తిరిగి తేవడం. రుసుము లేదు, అంతకుముందు శిబిరం పూర్తిచేసినవారి విరాళాలతో నడుస్తుంది. తీవ్రమైన మానసిక సమస్యలు ఉన్నవారికి ఇంత దీర్ఘమైన మౌనం తగదు. దరఖాస్తులోనే ఆ వివరాలు అడుగుతారు, దాచకుండా చెప్పాలి.

ఆ మొదటి రోజుల్లో నా మనసు ఎంతగా తిరుగుతుందో చూసి నేను దిగ్భ్రాంతి చెందాను. నాలుగు శ్వాసలు వరుసగా గమనించేలోపే అది ఎప్పటిదో పరీక్షల మూల్యాంకనం దగ్గరికో, అమ్మ మంచం దగ్గరికో వెళ్లిపోయేది; వెళ్లిందని తెలియడానికే చాలాసేపు పట్టేది. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ ఫోన్ల ద్వారా 2,250 మందిని రోజులో వేర్వేరు వేళల్లో పలకరించి చూస్తే, దాదాపు 47 శాతం సందర్భాల్లో వారి మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. నాది అంతకంటే ఎక్కువేనని ఆ హాలులో కూర్చుని తెలుసుకున్నాను. నాకు గుర్తుండటం లేదనుకున్న సంగతుల్లో చాలావాటిని నేను అసలు గమనించనేలేదు. ఎదురింటావిడ పలకరించినప్పుడు నేను ఆమె మాట వినడం లేదు, సాయంత్రం వంట గురించి ఆలోచిస్తున్నాను. మోకా పరీక్షలో అక్షరం విని బల్ల తట్టే చోట మార్కు పోవడానికి కారణం కూడా అప్పుడు తెలిసివచ్చింది.

ఇంటికి వచ్చాక ఉదయం నడకకు ముందు అరగంట, రాత్రి కొంతసేపు శ్వాసను గమనిస్తూ కూర్చుంటున్నాను. దీని వల్ల హిప్పోక్యాంపస్ పెరుగుతుందని నేను ఎవరికీ చెప్పను. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ప్రారంభించిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణాన్ని ఉన్నదున్నట్టు గమనించే ధ్యానం) శిక్షణ తీసుకున్న కొద్దిమందిలో మెదడులోని బూడిదరంగు పదార్థం పెరిగిందని 2011లో ఒక అధ్యయనం చెప్పింది. 2022లో అంతకంటే ఎక్కువమందితో, మరింత కట్టుదిట్టంగా చేసిన పరిశీలనలో అలాంటి నిర్మాణపరమైన మార్పులేవీ కనబడలేదు. అదే 2022 చివర్లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చిన మరో అధ్యయనం నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసింది. మతిమరుపు ఉందని తమకు తామే అనుకుంటున్న, 65 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 585 మందిని తీసుకుని కొందరికి మైండ్‌ఫుల్‌నెస్, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ, కొందరికి కేవలం ఆరోగ్య పాఠాలు అందించారు. ఆరు నెలలకు గాని, పద్దెనిమిది నెలలకు గాని జ్ఞాపక పరీక్షల్లో జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. వారు అచ్చంగా నాలాంటివారే.

ఈ ఫలితాన్ని చదివినప్పుడు సాధన మానేయాలనిపించలేదు, కానీ దాని నుంచి ఏమి ఆశించాలో మార్చుకున్నాను. ధ్యానం నా జ్ఞాపకాల గిడ్డంగిని పెద్దది చేయలేదు. మనసు పక్కకు వెళ్లిన సంగతిని త్వరగా పట్టుకునే అలవాటు ఇచ్చింది. తాళంచెవి బల్ల మీద పెట్టేటప్పుడు చేతిని చూడటం, ఎవరైనా పేరు చెబుతున్నప్పుడు ఆ ఒక్క క్షణం మరే ఆలోచనా లేకుండా వినడం, గ్యాసు కట్టేసి దాన్ని గమనించడం వంటివి అలవడ్డాయి. దానికి మించి నాకు దొరికింది అమ్మ జబ్బు గురించిన భయంతో కూర్చోగలగడం. ఏదైనా పేరు స్ఫురించకపోతే గుండె దడదడలాడి, ఆ దడలో మిగతావి కూడా మరిచిపోయేదాన్ని. ఇప్పుడు ఆ పేరు రాకపోతే రాలేదని ఊరుకుంటాను. చాలాసార్లు నిమిషంలో వస్తుంది.

ఏడాది దాటాక డాక్టరుగారు మోకాను మరో రూపంలో, వేరే మాటలతో చేయించారు. పాత మాటలు గుర్తుండిపోయి మార్కులు పెరగకుండా ఉండటానికి ఇలా చేస్తారు. ఐదింటిలో నాలుగు మాటలు సూచన లేకుండానే చెప్పాను, మొత్తం 27 వచ్చాయి. “సంతోషమే అమ్మా, కానీ రెండు మార్కుల తేడా ఆ రోజు నిద్రను బట్టి కూడా రావచ్చు. ఏడాదికొకసారి చూస్తూ ఉందాం” అన్నారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. బి12 ఇంజెక్షన్లు, బీపీ అదుపు, నిద్ర, నడక, పద్యాలు, ధ్యానం అన్నీ ఒకే ఏడాదిలో జరిగాయి కనుక ఆ రెండు మార్కులు దేనివల్ల వచ్చాయో విడదీసి చెప్పే వీలు లేదు. బి12 వాటా ఎక్కువే ఉంటుందని నా అంచనా. ఫిన్లాండులో మియా కివిపెల్టో బృందం ముప్పు ఎక్కువగా ఉన్న 1,260 మందిని తీసుకుని, వారిలో సగం మందికి ఆహారం, వ్యాయామం, మేధోసాధన, రక్తనాళాల ఆరోగ్యంపై నిఘా అన్నిటినీ కలిపి రెండేళ్లు అందించి, 2015లో మేధాశక్తిలో కొద్దిపాటి మేలు చూపించిన ఫింగర్ అధ్యయనంలో కూడా ఏ ఒక్కదాని వాటా ఎంతో విడిగా తేలలేదు. కలిపి చేయడంలోనే బలం ఉందని నేను దాని నుంచి గ్రహించాను.

తెలిసినవారు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు. పేరు మరిచిపోయి తరువాత గుర్తుతెచ్చుకునేవారికి, నడకతో మొదలుపెట్టి, ఒకసారి రక్తపరీక్షలు చేయించుకోమని చెబుతాను. తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నా, చెప్పిన మాటనే అదే పూటలో పదేపదే చెబుతున్నా, డబ్బు లెక్కలు తారుమారవుతున్నా, మరుపు సంగతి తమకు తెలియక ఇంట్లోవారికే కనబడుతున్నా, పద్యాలూ ధ్యానమూ పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించమంటాను. ఖమ్మంలో ఉన్న మా అక్క నాతోపాటు పద్యాలు నేర్చుకుంటానంది. ఫోనులో నేను చెప్పే పాదాలను ఆమె వేరే అక్షరాలతో తిరిగి పలుకుతోందని గమనించి, ముందు చెవి పరీక్ష చేయించుకోమన్నాను. రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గిందని తేలింది. వచ్చే వారం ఆమెకు వినికిడి యంత్రాలు అమరుస్తారు. ఆ తరువాత ఉత్పలమాలతో మొదలుపెడతాం.